చెవులు మంచిగనే ఉన్నయంటరు, మరి పిల్లగానికి బడిల ఎందుకు ఇనపడ్తలేదు?

బడి మొదలైన ఒకట్రెండు నెలలకు తల్లిదండ్రుల మీటింగు పెడితే ఒక మాట తప్పకుండ ఇనాల్సి వస్తది. "మేడం, మావోడు ఇంట్ల ఏం చెప్పినా చేస్తడు, బడిలనే ఇంటలేడని మీరంటున్నరు, గదెట్ల?" అని. ఇంకో తల్లి దీనికి ఉల్టా చెప్తది, "మా పాపకు చీమ చిటుక్కుమన్నా ఇనపడ్తది మేడం, మిక్సీ ఏస్తే మాత్రం చెవులు మూసుకొని బయటికి ఉర్కుతది, భయం ఎక్కువ దీనికి, దిష్టి గూడ తీసినం" అని. మాది దేవరకొండ దిక్కు ప్రైమరీ స్కూలు, నేను చిన్న క్లాసులకు చెప్త. ఈ రెండు రకాల పిల్లలు నాకు ప్రతి ఏడాది కనబడ్తరు, ఇగ మా అక్క కొడుకైతే అచ్చం రెండో రకం, వాని కోసం మేము తిరిగిన తిరుగుడు అంత ఇంత కాదు. ఆ తిరుగుడుల ఆడియాలజిస్టులను, అంటే ఇనికిడి పరీక్షలు చేసేటోళ్ళను, అడిగి తెలుసుకున్నది, క్లాసుల నా కండ్లతోని చూసింది కలిపి ఇక్కడ రాస్తున్న, ఎందుకంటే మొదటోన్ని మొద్దు అని, రెండోదాన్ని నకరాలు అని పేరువెట్టి ఊకుంటున్నరు మనోళ్ళు, ఆ పేర్లు పిల్లలకు ఏండ్ల తరబడి అతుక్కుంటున్నయి.

నేను అందరికీ మొదలు చెప్పేది ఒక్కటే. పిల్లలు ఏ జాగల ఎట్ల ఉంటున్నరో చూడుర్రి. నిమ్మళంగ ఉన్న గదిల ఒక తీరు, లొల్లి ఉన్నకాడ ఇంకో తీరు ఉంటే, అది మొండితనం కాదు. మొండితనమైతే అన్ని జాగలల్ల ఒక్కతీర్గ ఉంటది కదా.

మొదటి రకం పిల్లల సంగతి చెప్త. చెవి పని సప్పుడును పట్టుకొని నరంల ఏసుడు వరకే. చాటల బియ్యం చెరిగి రాళ్ళు పక్కకు తీసినట్టు, ఇది టీచర్ మాట, ఇది ఫ్యాన్ సప్పుడు, ఇది పక్క క్లాసోళ్ళు చదివే ఎక్కాలు అని ఏరేది మెదడు. కొందరు పిల్లలకు చెవి మంచిగనే పనిచేస్తది గని ఈ ఏరే పని కష్టమైతది. దీన్ని ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటరు, పొట్టిగ ఏపీడీ. దవాఖానకు తీస్కపోతే సప్పుడు రాని గదిల కూసోవెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కొక్క బీప్ సప్పుడు ఇనిపించి ఇనపడంగనే చెయ్యెత్తమంటరు. ఆడ పిల్లగాడు అన్నిటికీ చెయ్యెత్తుతడు, ఎందుకెత్తడు, ఆడ ఏరాల్సింది ఏం లేదాయె. రిపోర్టుల నార్మల్ అని వస్తది, ఇంటికొచ్చి "చెవులు మంచిగనే ఉన్నయట, వీడే కావాలని ఇంటలేడు" అని రెండు దెబ్బలు ఎక్కువ పడ్తయి. రిపోర్టు తప్పు కాదు, ఆ పరీక్ష చూసేది వేరే సంగతి, అంతే.

క్లాసుల ఎట్ల కనబడ్తరు వీళ్ళు? మా దిక్కు బడులల్ల చానా జాగల రెండు మూడు క్లాసులు ఒకటే గదిల ఉంటయి, ఒక దిక్కు ఒకటో తరగతోళ్ళు పాట పాడుతుంటే ఇంకో దిక్కు మూడోళ్ళు లెక్కలు చేస్తుంటరు, పైన ఫ్యాన్ కిరకిర, రేకుల షెడ్డైతే వానొస్తే ఇగ నా మాట నాకే ఇనపడదు. అసుంటప్పుడు "పుస్తకం తియ్యుర్రి, ఇరవై రెండో పేజీ తెరువుర్రి, మూడో లెక్క చెయ్యుర్రి" అంటే ఈ పిల్లగాడు పుస్తకం వరకు తీస్తడు, ఆ తర్వాత పక్కోని పుస్తకం దిక్కు చూస్తడు. ఆ చూపును పట్టుకోవాలె. కాపీ కొడ్తున్నడని చానామంది అనుకుంటరు, కానీ వాడు చూసేది జవాబు కోసం కాదు, నేను ఏం చెప్పిన్నో తెలుసుకునేటందుకు. పిలిస్తే ఒక క్షణం ఆగి "ఆఁ?" అంటడు, మనం మల్లా చెప్పబోయేలోపు వాడే జవాబు చెప్తడు, అంటే ఇనపడ్డది గని అర్థమయ్యేటందుకు జర టైం పట్టింది. డిక్టేషన్ల పాట అంటే బాట రాస్తడు, గాలి అంటే కాలి రాస్తడు, తండ అంటే దండ. పిలిచిన సప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెల్వక ఇటు పోయి అటు చూస్తడు. ఫోన్ల నాయనతోని మాట్లాడమంటే ఊఁ ఊఁ అని ఇచ్చేస్తడు, ఎందుకంటే ఫోన్ల మొఖం కనబడది, పెదవులు కనబడయి. సాయంత్రం ఇంటికి పోయేవరకు బాగ అలసిపోయి చిరాకు పడ్తడు, దినమంతా ఇనేటందుకే వాని తాకత్ అంతా పోతది కాబట్టి. అదే పిల్లగాన్ని పొద్దుగాల బెల్లు కొట్టకముందు ఒక్కన్నే కూసోవెట్టుకొని అదే పాఠం చెప్తే గడగడ చెప్తడు. మా దగ్గర మూడో తరగతిల ఒకడుండె, రాసే పరీక్షల సున్నా, పక్కన కూసోవెట్టుకొని నోటితోని అడిగితే అన్నీ కరెక్టు.

ఇక్కడ ఒక మాట తప్పకుండ చెప్పాలె, మా దిక్కు వాళ్ళకైతే ఇంకా ముఖ్యం. దేవరకొండ, మిర్యాలగూడ, అటు మహబూబ్‌నగర్ దిక్కు తండాలు మస్తు ఉన్నయి. తండా పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడ్తరు, బడికొచ్చినంక తెలుగు, 2022–23 నుంచి సర్కారు బడులల్ల గూడ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చె, అంటే ఆ పిల్ల ఒకేసారి రెండు కొత్త భాషలు మోస్తుంది. ఆ పిల్ల గూడ నేను చెప్తుంటే పక్కోళ్ళ పుస్తకమే చూస్తది, లేటుగ జవాబిస్తది. అది ఏపీడీ కాదు, భాష రాకపోవుడు. తేడా ఎట్ల తెలుస్తదంటే, వాళ్ళ అమ్మతోనో తండా నుంచి వచ్చే పెద్ద పిల్లతోనో వాళ్ళ భాషలనే రెండు మూడు పనులు కలిపి చెప్పించాలె, నిమ్మళంగ ఉన్నప్పుడు ఒకసారి, లొల్లిల ఒకసారి. సొంత భాషల గూడ లొల్లిల తడబడితే అప్పుడు ఆలోచించాలె. పాలమూరు దిక్కు నుంచి వలస పోయే ఇండ్లల్ల పిల్లలు బడి మధ్యల మానేసి మల్ల వస్తరు, వాళ్ళ విషయంల గూడ ఇట్లనే తొందరపడొద్దు.

తొందరపడొద్దు అంటే ఊకుండుమని కాదు. ఏపీడీ అనే పేరు నోట్లకు రాకముందే చూపించాల్సినయి ఉన్నయి. చెవుల గులిమి గట్టిపడ్డదా, మాటిమాటికి జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరిందా, చెవి కారుతుందా, ఇవి ముందుగల చూడాలె. ఆ వెనక నీరు చేరుడు పెద్ద మోసం, నొప్పి గూడ ఉండకపోవచ్చు, జలుబు ఉన్నప్పుడు ఇనికిడి తగ్గుతది, తగ్గినంక మల్ల వస్తది, ఇంట్లోళ్ళకు "ఒకరోజు ఇంటడు, ఒకరోజు ఇనడు" అనిపిస్తది. కర్ణభేరి కదలికను చూసే టింపానోమెట్రీ అనే చిన్న పరీక్షల తెలిసిపోతది. దయచేసి చెవుల నూనె పొయ్యకుర్రి, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి తియ్యకుర్రి, ఈ రెండు అలవాట్లతోని చెడగొట్టుకున్న చెవులు నేను చానా చూసిన. పుట్టినప్పుడు పచ్చకామెర్లు బాగా ఎక్కువైన పిల్లలు, నెలలు నిండక పుట్టి ఐసీయూల ఉన్న పిల్లలైతే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండ చెప్పాలె. అసుంటోళ్ళల్ల కొందరికి చెవి లోపలి భాగం పనిచేస్తది గని నరం సిగ్నల్ సక్కగ పోదు, దాన్ని ఆడిటరీ న్యూరోపతీ అంటరు, పైకి అచ్చం ఇట్లనే కనబడ్తది, నరం సిగ్నల్‌ను కొలిచే బెరా పరీక్షల బయటపడ్తది. దానికి చేసే వైద్యం వేరే ఉంటది, అందుకే అది దాటిపోవద్దు.

ఇవన్నీ మంచిగనే ఉన్నయని తేలినంకనే ఏపీడీ పరీక్షలు. రెండు చెవులల్ల ఒకేసారి వేర్వేరు అంకెలో మాటలో ఇనిపించి రెండూ చెప్పమంటరు, వెనక లొల్లి పెట్టి మాటలు చెప్పమంటరు, సప్పుడు మధ్యల చిన్న సందు వస్తే గుర్తుపట్టమంటరు. మామూలుగ ఏడేండ్లు నిండినంకనే చేస్తరు, ఎందుకంటే చిన్న పిల్లల మెదడుల ఇనే దారి ఇంకా తయారైతనే ఉంటది, పన్నెండేండ్ల దాకా గూడ ఎదుగుతది, ఐదేండ్ల పిల్లకు పరీక్ష చేస్తే వచ్చే మార్కులను నమ్మలేం. ఇంకోటి, ఏపీడీ అనేది విడిగ ఒక జబ్బేనా, లేకపోతే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవుడు), డిస్లెక్సియా (చదువుడు, రాసుడుల ఇబ్బంది), భాష లేటుగ వచ్చుడు లాంటి వాటిల ఒక భాగమా అని నిపుణులల్లనే వాదన నడుస్తుంది. అందుకని ఒక్క పరీక్ష చేసి ఒక్క పేరు రాసిచ్చినోళ్ళ కన్న, చదువు, మాట, ధ్యాస అన్నీ కలిపి చూసేటోళ్ళ దగ్గరికి పోవుడు నయం.

ఇగ రెండో రకం. మా అక్కోళ్ళు ఉండేది మిర్యాలగూడల, మీకు తెలుసు కదా రైస్ మిల్లుల ఊరు, లారీలు, మిల్లు సప్పుడు దినమంతా ఉంటనే ఉంటది. ఆశ్చర్యం ఏందంటే వాడు మిల్లు సప్పుడుకు ఏం అనడు, కుక్కర్ విజిల్‌కు వణుకుతడు. అక్క కుక్కర్ పెడితే వాడు ముందుగల్నే వాకిట్లకు పోయి నిలబడ్తడు, విజిల్ అయిపోయిందని చెప్తేనే లోపలికొస్తడు. పుట్టినరోజు ఫంక్షన్లకు రాడు, బెలూన్ ఎప్పుడు పలుగుతదో అని. మా బావ అంటడు, "వీడే ఇల్లు పీకి పందిరేస్తడు గదా, వీని లొల్లికి వీనికేం కాదు, కుక్కర్‌కు ఏమైతది?" అని. చానా ఇండ్లల్ల ఇదే వాదన. కానీ తన లొల్లి ఎప్పుడు మొదలైతదో ఎప్పుడు ఆగుతదో వానికి తెలుసు, వాని చేతిల ఉంటది. విజిల్ వాని చేతిల ఉండదు. అందుకే ఒకే రకంగ నడిచే మిల్లు సప్పుడు కన్న ఉన్నట్టుండి వచ్చే సప్పుడే వీళ్ళను ఎక్కువ బాధపెడ్తది.

ఈ సప్పుడు పడకపోవుడుల గూడ రకాలున్నయి. మామూలు సప్పుడే భరించలేనంత పెద్దగ, నొప్పిగ అనిపిస్తే హైపరాక్యుసిస్ అంటరు. ఎవరో తినేటప్పుడు చప్పరించుడు, తాత పోక నములుడు, ముక్కు ఎగబీల్చుడు లాంటి కొన్ని సప్పుళ్ళకే ఒళ్ళంతా మండి కోపం వస్తే మిసోఫోనియా, ఈ పేరు పెట్టింది జాస్ట్రెబాఫ్ దంపతులు, 2001ల. ఆ సప్పుడు వస్తదేమో అన్న భయమే ఎక్కువైతే ఫోనోఫోబియా. ఒకే పిల్లల రెండు మూడు కలిసి గూడ ఉండొచ్చు. తాత పక్కన కూసోని తిననంటే "పెద్దోళ్ళంటే మర్యాద లేదు" అని తిట్టుడు కాదు, ఏ సప్పుడుకు లేస్తుందో చూడాలె.

ఏడాది నుంచి మూడేండ్ల లోపల పిల్లలు మిక్సీకో ట్రాక్టర్‌కో భయపడుడు మామూలే, చానామందికి అదే పోతది. భయపడుడు వల్ల బతుకు ఇరుకైతుంటే అప్పుడు చూపించాలె. బడిల ఫంక్షన్ ఉన్న రోజు పొద్దుగాల్నే కడుపు నొస్తుందంటది, బాత్రూంల ఫ్యాన్ సప్పుడుకు దినమంతా ఒకటికి పోకుండ ఆపుకుంటది, పెండ్లికి పోదామంటే ముందురాత్రి నిద్రపోదు. దీంతోపాటు పేరు పెట్టి పిలిస్తే చూడకపోవుడు, మాట లేటు, తోటి పిల్లలతోని కలవకపోవుడు ఉంటే ఆటిజం కోసం చూపించాలె, 2013ల వచ్చిన డీఎస్ఎం-5 (డాక్టర్లు మానసిక సమస్యలను గుర్తుపట్టేటందుకు వాడే అమెరికా పుస్తకం)ల సప్పుడు, వెలుగు లాంటి వాటికి అతిగనో తక్కువగనో స్పందించుడును ఆటిజం లక్షణాలల్ల చేర్చిన్రు. కానీ చెవులు మూసుకునే పిల్లలందరికీ ఆటిజం ఉంటదని కాదు, ఈ మాట ఎందుకు చెప్తున్ననంటే యూట్యూబ్ చూసి ఒక తల్లి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. మైగ్రేన్ ఉన్న పిల్లలకు గూడ సప్పుడు పడదు. తలకు దెబ్బ తాకినంకనో, పెద్ద జ్వరం వచ్చినంకనో ఉన్నట్టుండి మొదలైతే మాత్రం ఆలస్యం చెయ్యకుండ దవాఖానకు పోవాలె.

ఇగ జాతరలు, బరాత్‌లు. చెరువుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో పోతే డప్పులు, మైకులు, పెండ్లి ఊరేగింపుల డీజే బాక్సులైతే గుండె మీద కొట్టినట్టే ఉంటది. అసుంటికాడ చెవులు మూసుకునే పిల్లకు ఏ జబ్బూ లేదు, ఆ సప్పుడుదే తప్పు. 2000ల వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకులు పెట్టొద్దు, బడి, దవాఖాన చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్ కావాలె. మా బడి పక్కపొంటి ఊరేగింపు పోయిన ప్రతిసారి నాకు ఇది యాదికొస్తది. 85 డెసిబుల్స్ దాటిన సప్పుడుల గంటల తరబడి ఉంటే ఎవరి చెవులైనా పాడైతయి, బాక్సుల ముంగట పిల్లలను భుజం మీద ఎక్కించుకొని ఎగిరే నాయనలను చూస్తే నాకు నిజంగ బాధైతది.

"భయం పోవాలంటే దగ్గరికి తీస్కపోవాలె" అని మా పెద్దమ్మ మా అక్క కొడుకును డప్పుల మధ్యల నిలబెట్టింది ఒకసారి. వాడు ఆ తర్వాత గుడికే రానన్నడు. బలవంతం పెడితే భయం పెరుగుతది. అట్లని దినమంతా చెవులల్ల దూది పెట్టుడు, హెడ్‌ఫోన్ తగిలించుడు గూడ తప్పే, సప్పుడు తగ్గేకొద్దీ మెదడు తన వాల్యూమ్ తనే పెంచుకుంటది, అప్పుడు చిన్న సప్పుడు గూడ పెద్దగైతది. చెవులు మూసే ఇయర్ మఫ్స్ జాతరకు, దీపావళి పటాకులకు పెట్టుర్రి, ఇంటికి రాంగనే తియ్యుర్రి. మాకు ఆడియాలజిస్టు చెప్పిన పద్ధతి ఇది. విజిల్ సప్పుడును ఫోన్ల రికార్డు చేసి, చానా తక్కువ సౌండ్ పెట్టి, బటన్ వాని చేతికే ఇచ్చినం. వాడు ఎంత పెంచితే అంత, వద్దంటే ఆపుడే. కుక్కర్ పెట్టేముందు "ఇప్పుడు మూడు విజిల్స్ వస్తయి నాన్నా" అని చెప్పుడు, విజిళ్ళు వాడే లెక్కపెట్టుడు. నెలలు పట్టింది గని ఇప్పుడు వంటింట్లనే ఉంటున్నడు. బెలూన్లంటే ఇంకా పడదు, అది గూడ మెల్లమెల్లగ చూస్తం. భయం బాగ ఎక్కువున్న పిల్లలకు ఇది సైకాలజిస్టు దగ్గరుండి చేయించాలె, ఇంట్ల సొంతంగ ప్రయోగాలు పెట్టుకోవద్దు. ప్రత్యేకంగ తయారుచేసిన పాటలు ఇనిపించి చెవులు బాగుచేస్తమని, ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్ అని పైసలు గుంజేటోళ్ళున్నరు, అది పనిచేస్తదని శాస్త్రీయంగ రుజువు కాలేదని అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2004లనే చెప్పింది.

క్లాసుల ఏం చెయ్యాలె అని తోటి టీచర్లు అడుగుతరు. పాఠం నడిచేటప్పుడు క్లాసుల వెనక సప్పుడు 35 డెసిబుల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, టీచర్ మాట వెనక లొల్లి కన్న 15 డెసిబుల్స్ ఎక్కువ ఉంటే పిల్లలకు సాఫ్‌గ ఇనపడ్తది. మన బడులల్ల ఆ లెక్క అందుకునుడు కష్టం, కానీ తగ్గించుకునేటియి ఉన్నయి. నేల మీద దరీ, కిటికీలకు మందం గుడ్డ, తలుపు దగ్గరికేసుడు, బల్ల కాళ్ళకు రబ్బర్ బుడిపెలు, ఇవన్నీ చిన్న ఖర్చులే. ఆ పిల్లగాన్ని కిటికీకి, ఫ్యాన్‌కు దూరంగ, నా మొఖం కనబడే జాగల ముందు వరుసల కూసోవెట్టాలె. ముందు పేరు పిలిచి, వాడు నా దిక్కు చూసినంకనే చెప్పాలె, ఒక్కసారికి ఒక్క పని. బోర్డు దిక్కు తిరిగి రాస్తూ మాట్లాడొద్దు. "అర్థమైందా?" అంటే అందరూ అయిందనే అంటరు, "నేనేం చెప్పిన్నో నువ్వు చెప్పు" అనాలె. పేజీ నంబరు బోర్డు మీద రాస్తే చాలు, సగం పిల్లలు పక్కోని పుస్తకం చూసుడు బంద్ చేస్తరు, ఇది నేను చూసిందే. టీచర్ మెడకు చిన్న మైకు, పిల్లగాని చెవుల రిసీవర్ ఉండే రిమోట్ మైక్రోఫోన్ మంచిగ పనిచేస్తది, కానీ ఖరీదెక్కువ, ఆడియాలజిస్టు చెప్తేనే తీసుకోవాలె.

ఎక్కడికి పోవాలె అంటే, ఆర్‌బీఎస్‌కే టీంలు, అంటే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు టీంలు ఉన్నయి, 2013ల మొదలైన స్కీం, పుట్టినకాడి నుంచి పద్దెనిమిదేండ్ల దాకా పిల్లలను చూస్తరు, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలె. వాళ్ళొచ్చినప్పుడు పళ్ళు, కండ్లు చూపించి పంపుతున్నరు చానామంది, ఇనికిడి సంగతి గూడ నోరు తెరిచి చెప్పుర్రి. వాళ్ళు జిల్లా దవాఖానకు రాసిస్తరు. ఈఎన్‌టీకి హైదరాబాద్ కోఠి సర్కారు దవాఖాన ఉండనే ఉంది, మాట, ఇనికిడి పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ల అలీ యావర్ జంగ్ సంస్థ సెంటర్ ఉంది. మీకు ఏ పరీక్ష కావాలో అక్కడ ఆ రోజు చేస్తరా అని ముందుగల ఫోన్ చేసి అడిగి పోవుర్రి, పిల్లను బస్సుల అంతదూరం తిప్పి ఉత్తగ రావుడు వద్దు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంల ఉండే భవిత సెంటర్ టీచర్లను గూడ అడగుర్రి, బడిల ఎట్ల సర్దాలో వాళ్ళు చెప్తరు.

పోయేముందు ఒక నోట్‌బుక్కుల రాసుకొని పోవుర్రి. ఏ టైముల, ఏ జాగల, ఏం సప్పుడు ఉండె, ఎవరు మాట్లాడిన్రు, పిల్ల ఏం చేసింది. "సోమవారం పగటాల, అన్నం తినేకాడ, అందరు మాట్లాడుతుంటే, నీళ్ళు తెమ్మంటే గిన్నె తెచ్చిండు" అని ఇట్ల రాస్తే చాలు. డాక్టరు దగ్గర పది నిమిషాలల్ల మనం చెప్పలేనిది ఆ కాయితం చెప్తది.

దివ్యాంగుల సర్టిఫికెట్ కోసం ముందుగల్నే క్యాంపులకు ఉర్కకుర్రి. 2016 దివ్యాంగుల చట్టంల 21 రకాలున్నయి, ఏపీడీ విడిగ పేరుతోని లేదు. పిల్లకు చదువుల ఇబ్బంది స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ అని తేలితేనో, ఆటిజం అని తేలితేనో ఆ పేరుతోని పరీక్షలల్ల ఎక్కువ టైం లాంటి సౌలతులు అడగొచ్చు. క్లాసుల ముందు వరుసల కూసోవెట్టేటందుకు మాత్రం ఏ సర్టిఫికెట్టూ అవసరం లేదు, రేపు బడికి పోయి టీచర్‌ను అడగుర్రి.